బ్యాటు ఎగిరిపోయిన తరవాత

నా చేతిలోంచి జారిన బ్యాటు కొబ్బరితోట దాటి, కాలువ దాటి, అవతలి గట్టున మేస్తున్న గేదె కొమ్ముకు తగిలిందనీ, ఆ బెదురుకు అది సాయంత్రం పాలివ్వలేదనీ ఊళ్లో చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు. గేదె ఎవరిదని అడిగినవాళ్ల దగ్గర మాత్రం మాట మార్చాల్సి వచ్చింది.

సరే, గేదె లేదు. బ్యాటు కాలువ దాకా కూడా వెళ్లలేదు. నేను వెనక లైను దగ్గర నిలబడి బంతిని బలంగా కొట్టబోయాను. బంతి దారిన బంతి పోయింది, బ్యాటు దారిన బ్యాటు పోయింది. కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని టీ తాగుతున్న మా క్లబ్బు ప్రెసిడెంటుగారి చేతిలో గ్లాసును అది పగలగొట్టింది. టీ అంతా ఆయన తెల్లచొక్కా తాగింది. ఇంకొంచెం పైకి లేచి ఉంటే కళ్లజోడు కూడా పోయేది.

మాది బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్నిబంతి, జట్టుకు ఐదుగురు, నెత్తిమీద ఆకాశం. అమలాపురంలో ఇప్పుడు చాలామంది షెడ్డుల్లో లైట్ల కింద షటిల్ ఆడుతున్నారు. మేం మాత్రం ఊరి చివర తోటలో, రెండు కొబ్బరి వరసల మధ్య, గీతలకు బదులు కొబ్బరితాళ్లు నేలమీద బిగించి ఆడతాం. క్లబ్బు అంటే ఆ తాళ్లు, వల, నాలుగు కుర్చీలు, ప్రెసిడెంటుగారు. ఆయన కొబ్బరికాయల వ్యాపారి. తోట ఆయనదే కాబట్టి ప్రెసిడెంటు కూడా ఆయనే.

ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు. నేను క్షమాపణ చెప్పేలోపే అందుకున్నారు.

"మీకు కొంచెం రెస్టు కావాలేమోనండి."

"నాకెందుకండి రెస్టు? చెయ్యి జారింది, అంతే. పొద్దున్న తలకి నూనె రాసుకున్నాను. అది చేతికి అంటుకుంది."

కోనసీమలో పుట్టినవాడికి ఈ సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మా ఇళ్లలో తలకు కొబ్బరినూనె పెట్టుకోకుండా మగాడు గుమ్మం దాటడు. రెండు చేతులకూ నూనె పులుముకుని, తల మీద రుద్దుకుని, మిగిలింది మీసానికి రాసుకుని, ఆ చేతులతోనే బ్యాటు పట్టుకోవడానికి బయలుదేరతాం. పైగా నా బ్యాటు పిడికి నేనే కొబ్బరిపీచు పురి చుట్టుకున్నాను. పురి చేతికి గుచ్చుకోకుండా దానికీ కాస్త నూనె పట్టించాను. ఇంత నూనె మధ్య బ్యాటు ఎగరకపోతేనే వింత అని వాదించాను.

"ఇన్నాళ్లూ నూనె రాసుకోలేదాండి మరి?" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

అది మాస్టారు. రిటైరైన లెక్కల టీచరు. మా జట్టులో నా పక్కనే ఆడతారు, ఆదివారం చర్చిలో నా పక్కనే కూచుంటారు. ఇంత దగ్గరివాడు ఇంత అన్యాయంగా మాట్లాడతాడని నేననుకోలేదు.

ప్రెసిడెంటుగారు తీర్పు చెప్పారు. "రాజోలు వాళ్లతో మ్యాచి దగ్గరికొచ్చేసిందండి. అక్కడ ఈ బ్యాటు ఎవరి మొహానికైనా తగిలితే మన పరువేం కానండి? మీ చెయ్యి గట్టిగా ఉందని, బ్యాటు ఎగరదని తేలిందనుకోండి, ఐదుగురిలో మీరుంటారు. తేలకపోతే స్కోరు చెప్పడానికి మిమ్మల్నే కూచోబెడతాను. గౌరవంగానేనండి."

స్కోరు! ఏటా వేసవిలో రాజోలు జట్టుతో ఆడే ఆ ఒక్క మ్యాచి కోసం నేను మిగతా కాలమంతా మోకాళ్లకు నచ్చచెప్పుకుంటూ బతుకుతాను. దానికి నన్ను కుర్చీలో కూచోబెట్టి అంకెలు అరవమంటారు. అదీ గౌరవంగా.

"నా చెయ్యి సంగతి మీరా నాకు చెప్పేది?" అన్నాను. "ఈ చేత్తో జనాన్నేసుకుని బస్సు నడిపేనండి."

ఇది మాత్రం కోత కాదు. నేను బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. అమలాపురం నుంచి రాజోలు, కొత్తపేట నుంచి రావులపాలెం, అవసరమైతే కాట్రేనికోన. మా రోజుల్లో స్టీరింగు తిప్పడం అంటే తిరగలి తిప్పడమే. వరద నీళ్లు రోడ్డెక్కిన రోజున ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో కిటికీలోంచి ఒక మేకపిల్లను పైకి లాగి కాపాడానని కూడా చెబుతుంటాను. ఆ రోజు బస్సు డిపోలోంచి కదలనే లేదు. మేకపిల్ల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ కుడి మోచెయ్యి కిటికీ అంచు మీద పెట్టుకుని, కాలువ గాలి చంకలోకి దూరుతుంటే, ఎడంచెయ్యి గేరు రాడ్డు మీద వేసి నేను బస్సు నడిపే తీరు చూడ్డానికి ముందు సీటు కోసం కొట్టుకునేవారు. కొట్టుకునేవారు కాదు. అడిగేవారు. ఒకరిద్దరు.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఇంటికొచ్చింది. పక్క వీధిలోనే కాపురం. దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్సు చెబుతుంది. వీధిలో అడుగు పెట్టకముందే గ్లాసు సంగతి ఆమెకు చేరిపోయింది. గేదె సంగతి కూడా.

"నాన్నగారూ, నా దగ్గరొక వస్తువుంది. మీ బ్యాటు ఒకసారి ఇవ్వండి."

అది బ్యాటు పిడికి వేసే తొడుగు. చూడ్డానికి సైకిలు ట్యూబు ముక్కలా నల్లగా, మెత్తగా ఉంది. దాని లోపల కందిపప్పు బద్దల్లా చిన్నచిన్న బిళ్లలు వరసగా అంటించి ఉన్నాయి. సెన్సర్లట. వేలు ఎంత గట్టిగా నొక్కుతుందో, ఎప్పుడు వదులుతుందో ఆ బిళ్లలు కనిపెడతాయి. పిడి అడుగున అగ్గిపెట్టెంత డబ్బా. అది సెల్‌ఫోనుకు కబురు పంపుతుంది. ఫోనులో చేతి బొమ్మ కనబడుతుంది. పట్టు గట్టిగా ఉన్నచోట ఎరుపు, వదులైనచోట నీలం. పట్టు మరీ సడలినా, మరీ బిగిసినా తొడుగు చేతిలో గుర్రుమని వణుకుతుంది. క్రికెట్టు, టెన్నిసు ఆడే పిల్లలకు పట్టు నేర్పడానికి మా అమ్మాయీ వాళ్ల కాలేజీవాళ్లూ కలిసి తయారుచేస్తున్నారు.

"అయితే నేను పిల్లాణ్ణా?" అన్నాను.

"పిల్లలైతే చెప్పిన మాట వింటారు, నాన్నగారూ."

బ్యాటుకు నేను చుట్టిన పీచుపురి విప్పేసింది. నా ప్రాణం విలవిల్లాడింది. అది నా సొంత ఇన్వెన్షనని, పేటెంటు తీసుకుందామని బయట చెప్పుకుంటున్నాను. నిజానికి మా డిపోలో ప్రతి డ్రైవరూ గేరు రాడ్డుకు ఏదో ఒకటి చుట్టుకునేవాడు. నేను చూసి నేర్చుకున్నాను. అయినా విప్పుతుంటే బాధ బాధే.

సబ్బుతో చేతులు కడిగించింది. కడిగిన చేతులు తుడిపించింది. పెరట్లో నిలబెట్టి తను బంతి విసిరింది. కొట్టాను. తొడుగు గుర్రుమంది. మళ్లీ విసిరింది. మళ్లీ గుర్రు. చేతిలో ఫోను మోగుతున్నట్టే ఉంది, ఎత్తి హలో అనబుద్ధి వేసింది.

నాకు పౌరుషం వచ్చింది. ఈసారి బంతి కోసం చూడకుండా బ్యాటును రెండు దవడలూ బిగించి పిసికాను.

"ఇది ఆడ్డం కాదు, తడిబట్ట పిండటం," అంది ఫోను చూస్తూ. "బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా మండిపోతున్నాయి. ఈ చివరి రెండు వేళ్లూ చూడండి. నీలం. నూనె లేదుగా ఇప్పుడు."

చూశాను. బొమ్మలో నా చెయ్యి సగం పొయ్యిలాగా, సగం చెరువులాగా ఉంది.

"ఎప్పట్నించి, నాన్నగారూ?"

"ఏంటి ఎప్పట్నించి? నీ బిళ్లలు సరిగా అంటించలేదు."

ఆమె తొడుగు విప్పి, చివరి రెండు బిళ్లల మీద తన వేలు పెట్టి నొక్కింది. ఫోనులో భగ్గున ఎరుపు. నాకేసి చూసింది. వాళ్లమ్మ చూపు అదే.

నాకు తెలుసు. మీకు చెప్పడానికేం, చాలాకాలంగా తెలుసు. చిటికెనవేలు, దాని పక్కవేలు పొద్దున్న లేచేసరికి నావి కానట్టు ఉండేవి. చొక్కా బొత్తాలు పెట్టుకోడానికి గోడవైపు తిరిగేవాణ్ణి. ఒక ఆదివారం చర్చిలో నిలబడి పాడుతుంటే పాటల పుస్తకం చేతిలోంచి జారి మాస్టారి కాలిమీద పడింది. భక్తిలో మునిగిపోయానని చెప్పాను. ఆయన ఆమెన్ అన్నారు. కోర్టులో ఆయన నూనె గురించి అలా అడగడానికి కారణం ఇప్పుడు మీకు తెలుస్తుంది. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలియదని గట్టిగా నమ్ముతూ వచ్చాను.

వంటింట్లోంచి ఆవిడ గొంతు వచ్చింది. "టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునే మనిషిని చూస్తే తెలీదాండి? చెప్తారేమోనని ఊరుకున్నాను."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నా మోచెయ్యి లోపలివైపు వేలితో తట్టాడు. చిటికెనవేలి దాకా జివ్వుమని పాకింది.

"మీరేం పని చేసేవారండి?"

"బస్సు నడిపేవాణ్ణండి."

"మోచెయ్యి కిటికీ మీద ఆనించి నడిపేవారా?"

ఏ భంగిమ గురించైతే నేను ఇంతసేపూ మీకు గొప్పలు చెప్పానో, ఆ భంగిమ గురించే అడిగాడు. మోచేతి దగ్గర ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం ఉంటుందట. కిటికీ ఇనుప అంచు మీద ఏళ్ల తరబడి ఆనించి ఆనించి దాన్ని నలిపేశాను. మందులిచ్చాడు. మోచెయ్యి ఎక్కడా ఆనించొద్దన్నాడు. పూర్తిగా వెనకటిలా అవుతుందని మాటివ్వలేనన్నాడు. నేను స్టైలనుకున్నది అంతకాలం నా వేళ్లను తింటూ వచ్చింది. ఆ సంగతి విని చాలా బాధపడి, మూడు రోజులు అన్నం మానేశాను. లేదు, తిన్నాను. పులస పులుసు ఉంటే ఎవడు మానతాడు? పులస కూడా కాదు, గోదారికి వరదొస్తే దొరికే చేప వేసవిలో ఎక్కడిది? మామూలు చేపలే.

ఇంటికొచ్చాక మా అమ్మాయి మళ్లీ తొడుగు తీసింది. ఇంకేం చూస్తావని విసుక్కున్నాను.

"ఎడంచెయ్యి కూడా కొలిస్తే కుడిచెయ్యి ఎంత తగ్గిందో తెలుస్తుంది. పట్టుకోండి. ఊరికేనే."

ఊరికేనే పట్టుకున్నాను. ఆమె ఫోను చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోను చూసింది. నా ముందుకు తిప్పింది. చెయ్యి మొత్తం, మొదటివేలి నుంచి చివరివేలి దాకా, ఎండుమిరపకాయలు ఆరబోసినట్టు ఒకటే ఎరుపు.

"నాన్నగారూ, ఈ చేత్తో ఏం చేసేవారు?"

"గేరు మార్చేవాణ్ణే."

పాత బస్సు గేరు రాడ్డు మాట విని కదిలేది కాదు. దాన్ని అరచేత్తో గుప్పిట పట్టి, భుజంతో తోసి, వేళ్లతో లాగి ఒప్పించాలి. వంతెన వంతెనకూ, మలుపు మలుపుకూ. కుడిచెయ్యి కిటికీలో షోకు చేస్తుంటే పని అంతా చేసింది ఇది. ఏనాడూ దీన్ని నేను పొగడలేదు. దీని గురించి ఒక్క కోత కూడా కొయ్యలేదు.

నాకు అప్పుడు ఆలోచన వచ్చింది. మా అమ్మాయికి కూడా అప్పుడే వచ్చినట్టుంది, కానీ ఆమె ఆలోచన వేరు.

"అయితే నాన్నగారూ, కుడిచేతికి రెస్టు ఇచ్చి, ఎక్సర్‌సైజులు చేసి..."

"ఎడంచేత్తో ఆడతాను."

"ఈ వయసులోనా!"

"వయసు నీ బిళ్లలకి కనిపించిందా? ఎరుపేగా కనిపించింది?"

ఆమె నవ్వుతూ తొడుగు నా ఎడంచేతిలోకే తోసింది.

మర్నాటి నుంచి పెరటిగోడ మీదికి బంతి కొట్టడం మొదలుపెట్టాను. మొదటిరోజే గోడకు బీట వేశానని మాస్టారికి ఫోనులో చెప్పాను. నిజానికి మొదటిరోజు బంతి గోడకు తగలనే లేదు. ఎడంచేతికి తెలిసింది ఒకటే పని. బంతి రాగానే బ్యాటును ముందుకు తోసి, వెనక్కి లాగి, పక్కకు వేసేది. సెకండు గేరు. నేను కొట్టమంటే అది గేరు మారుస్తోంది. తొడుగు మాత్రం గుర్రుమనలేదు. అదే నాకు ధైర్యం. ఒక్కోసారి పౌరుషం కొద్దీ మరీ బిగిస్తే వణికేది. అప్పుడు కొంచెం వదిలేవాణ్ణి. ఎవరో పక్కన కూచుని, అంత నొక్కక్కర్లేదండి, నెమ్మది, అని చెబుతున్నట్టుండేది. చెప్పొద్దూ, అరవకుండా తప్పు చెప్పే గురువు నాకు జీవితంలో అదొక్కటే దొరికింది.

కొన్నాళ్లకు బంతి గోడకు తగిలింది. మరికొన్నాళ్లకు గోడ నుంచి తిరిగొచ్చిన బంతి బ్యాటుకు తగిలింది. మా ఆవిడ పెరట్లో ఒడియాలు ఎండబెట్టడం మానేసింది.

జట్టును ఎంపిక చేసే రోజున తొడుగు వేసిన బ్యాటుతో తోటకు వెళ్లాను. మా అమ్మాయి ఫోను పట్టుకుని నా వెనకే. ప్రెసిడెంటుగారు ఈసారి కుర్చీని చెట్టు చాటుకు జరిపించుకున్నారు. నేను బ్యాటు ఎడంచేతిలోకి తీసుకునేసరికి అందరూ ఆగిపోయారు.

"అదేంటండి, ఆ చెయ్యేంటి?"

"ఇది కూడా నాదేనండి. ఎవరి దగ్గరా అద్దెకి తేలేదు."

"రూలొప్పుకుంటుందాండి?" అని ప్రెసిడెంటుగారు మాస్టారి వైపు చూశారు.

మాస్టారు గడ్డం గోక్కున్నారు. "ఏ చేత్తో ఆడాలో రూల్లో లేదండి. ఆయ్. పట్టుకోవాలని మాత్రం ఉండే ఉంటుంది."

ఆయన్ని ఆ క్షణంలో క్షమించేశాను.

బంతులు వేశారు. మొదటిది తప్పిపోయింది. రెండోది బ్యాటు చెక్కకు తగిలి కొబ్బరిమట్టల్లోకి పోయింది. మూడోది కూడా తప్పిపోయింది. తోటలో నవ్వులే నవ్వులు. మా అమ్మాయి మాత్రం ఫోను ప్రెసిడెంటుగారి ముందు పెట్టి నిలబడింది. బొమ్మలో చెయ్యి ఎర్రగానే ఉంది, ఒక్క వేలూ సడల్లేదు.

"పట్టు బాగానే ఉందండి," అన్నారాయన, ఒప్పుకోక తప్పక. "కానీ బంతి తగలడం లేదు కదండీ!"

"తమరు పెట్టిన షరతేంటండి? బ్యాటు ఎగరకూడదని. ఎగిరిందా?"

"ఎగర్లేదండి."

"బంతి తగలాలని అన్నారా?"

"అన్లేదు గానండి..."

"మరైతే రాయండి నా పేరు. వెనక లైను వద్దు, ముందు లైనులో పెట్టండి. చెయ్యి గట్టిదని తేలితే ఐదుగురిలో ఉంటానన్నది మీరే. ఇంతమంది విన్నారు. కాదంటే ఇప్పుడే చెప్పండి, తోట బయట నిలబడి వచ్చేపోయే వాళ్లందరికీ ఆ గేదె కథ మళ్లీ మొదలెడతాను. ఈసారి గేదె మీదేనని చెప్తాను."

ఆయన పేర్ల కాగితం తీసి, ఆయ్, అలాగేనండి, అన్నారు.

రాజోలు మ్యాచి గెలిపించింది నేనే. అలా అని కొత్తపేట బస్సులో పక్కసీటాయనకు చెప్పాను, ఆయన దిగేటప్పుడు నాకు దణ్ణం కూడా పెట్టాడు. జరిగిందేంటంటే, మేం ఓడిపోయాం. వలకు దగ్గరగా నిలబడి నేను చాలా బంతులు వదిలేశాను. నా వెనక మాస్టారు రొప్పుతూ వాటి వెంట పరిగెత్తారు. రాజోలు వాళ్లు నా ఎడంచెయ్యి చూసి మొదట భయపడ్డారు, ఏదో ఎత్తుగడ అనుకున్నారు. ఎత్తుగడ కాదని త్వరగానే తెలిసిపోయింది వాళ్లకు.

కానీ ఒక బంతి ఉంది. దాని గురించి పెంచి చెప్పను. అవతలి ఆటగాడు బలంగా కొట్టాడు. అది నా మొహం మీదికే వచ్చింది. నేను ఆలోచించలేదు, చెయ్యి ఆలోచించింది. రాడ్డును ముందుకు తోసింది. సెకండు గేరు. బంతి వలకు అటువైపు చచ్చినట్టు పడింది. ఎవరూ తీయలేకపోయారు. బ్యాటు నా గుప్పిట్లోనే ఉంది. తొడుగు గుర్రుమనలేదు, మ్యాచికి తొడుగు వేయలేదు కాబట్టి. దాన్ని ముందురోజే మా అమ్మాయికి తిరిగిచ్చేశాను. పిడికి మళ్లీ నా పీచుపురి చుట్టుకున్నాను, ఈసారి ఎడంచేతికి వాటంగా, నూనె లేకుండా. గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ.

తిరిగొస్తూ ప్రెసిడెంటుగారు వ్యానులో నా పక్కన కూచున్నారు.

"వచ్చే ఏడాదికి స్కోరు సంగతి ఆలోచించండి. నిజంగా గౌరవంగానేనండి."

"ఆ కుర్చీలో మీరే కూచోండి," అన్నాను. "గ్లాసు మాత్రం గట్టిగా పట్టుకోండి. కావాలంటే మా అమ్మాయిని అడిగి దానికో తొడుగు వేయిస్తాను."

ఇప్పుడు రోజూ పొద్దున్నే తోటకు వెళ్లేముందు కొబ్బరినూనె కుడిచేతిలోకే పోసుకుంటాను. తలకు, మీసానికి అదొక్కటే రుద్దుతుంది. రెండు వేళ్లు సరిగా కదలవు గనక నూనె అక్కడక్కడ జారి చెవిమీద పడుతుంది. పడనీ. ఎడంచెయ్యి మాత్రం అప్పటిదాకా నడుం వెనక పెట్టుకునే ఉంటాను. నూనె చుక్క కూడా తగలనివ్వను. దానికి పని ఉంది.